ఒకే తెర, పలు గదులు

బల్లపై పది కాగితములు పరచుకొన్నచో మనకు కావలసినది అడుగున పడును. కంప్యూటరు తెరపై విండోల గతియు నంతియే. 1986లో జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున హెండర్సన్, కార్డ్ అను శాస్త్రజ్ఞులు, పనికొక గది చొప్పున తెరను మార్చుకొను 'రూమ్స్' అను ఏర్పాటును ప్రకటించిరి. నేడు వర్చువల్ డెస్క్‌టాప్ అని మనము వ్యవహరించునది ఆ కోవలోనిదే. ఇది మాక్ యంత్రములందు 2007లోను, విండోస్ నందు 2015లోను చేరినది.

రెండు తెరలు గలవారికే చిక్కు. విండోస్‌లో గది మార్చినచో రెండు తెరలును ఒక్కసారిగా మారును. చదువుచున్న పాఠమును మాయమగును! అట్టి విండోను అన్ని గదులలోను కనిపించునట్లు నిలుపుకొనవలెను. మాక్‌లో 2013 నుండి ఏ తెర కా తెర విడిగా మారగలదు. ఈ పద్ధతియే మేలని మా అభిప్రాయము. గదిని తీసివేసినను అందలి విండోలు మూతపడవు, పక్కగదికి చేరును. యంత్రమును ఆపుటకు ముందు మాత్రము గదులన్నియు చూచుకొనవలెను. సగము వ్రాసిన ఉత్తరము ఎందో మిగిలియుండవచ్చును.