పెరుగుచున్న వైద్యవ్యయము – బీమా క్లెయిములు

పంట పోయిన యేట చేసిన అప్పు మరుసటి పంటతో తీరవచ్చును. ఆసుపత్రికై చేసిన అప్పు అట్లు తీరునది కాదు. పొలము విక్రయించినగాని తీరని అప్పులలో ననేకము లట్టివే. కావున బీమా విషయమును సభ్యులకు విశదపరుపదలచితిమి.

వైద్యవ్యయ మేల పెరుగుచున్నది? పూర్వము వైద్యుడు నాడి చూచి నిర్ణయించుచుండిన దానికి నేడు స్కానింగులు, పలువిధములైన రక్తపరీక్షలు అవసరమగుచున్నవి. మధుమేహము, రక్తపుపోటు, క్యాన్సరు, మూత్రపిండవ్యాధులు ఏండ్లతరబడి చికిత్స కోరును. క్రొత్త మందులు ప్రాణమును నిలుపుచున్నవి గాని వానివెల యధికము.

ఈ భారము ప్రీమియముపై నెట్లు పడునో యొక లెక్కవలన తెలియగలదు. వేయిమంది చేరిన బీమాలో ఏటికి పదిమంది ఆసుపత్రి పాలై, తలకు 30,000 రూపాయలు ఖర్చయ్యె ననుకొందము. మొత్తము 3 లక్షలు. తలకు 300 రూపాయలు చెల్లించిన చాలును. పదిమందికి మారుగా పదునైదుగురు చేరి, ఖర్చు 40,000 అయినచో మొత్తము 6 లక్షలగును, ప్రీమియము రెట్టింపగును. నిర్వహణపు ఖర్చు దీనికి అదనము.

సహకార సభ్యులే యిట్లు కూడుకొనిన నిదర్శనము కలదు. కర్ణాటకమున 2003లో అమలునకు వచ్చిన యశస్విని పథకమున సహకార సంఘముల రైతులు తొలుత ఏటికి తలకు 60 రూపాయలు మాత్రమే చెల్లించి శస్త్రచికిత్సలు పొందిరి. మన ప్రాంతమున 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమయ్యెను. అయినను ఇట్టి పథకములు జాబితాలోని చికిత్సలకే వర్తించునని మరువరాదు.

ఇక క్లెయిములు చెడుటకు గల కారణములు చెప్పెదము.

మొదటిది, ఉన్న వ్యాధిని దాచుట. ప్రతిపాదన పత్రమును ఏజెంటు నింపినను సంతకము మనదే, బాధ్యతయు మనదే. పూర్తిగా చదివించుకొనక సంతకము చేయరాదు.

రెండవది, గడువు తప్పుట. 2015లో నెలకొనిన ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాకు 2022 నుండి ఏటికి 436 రూపాయలు బ్యాంకు ఖాతానుండి తీసికొందురు. మరణించినచో వారసులకు 2 లక్షలు ముట్టును. ఈ బీమా సంవత్సరము మే 31తో ముగియును. సరిగా ఆ దినములలోనే రైతు విత్తనములకును ఎరువులకును ఖాతా ఖాళీచేయును! సొమ్ము లేనిచో బీమా నిలిచిపోవును. మరల చేరినను మొదటి 30 దినములలో ప్రమాదమరణమునకు దప్ప సొమ్ము రాదు.

మూడవది, గది అద్దె. పాలసీలో దినమునకు 3,000 మితిగా నుండగా 6,000 రూపాయల గదిలో చేరినచో, కొన్ని పాలసీలలో అద్దెయేగాక వైద్యుని రుసుము మొదలగునవియు సగమునకు తగ్గింపబడును.

నాల్గవది, నామినీ. తెలంగాణమున 2018లో ఏర్పడిన రైతుబీమా 18 మొదలు 59 సంవత్సరములవరకు గల రైతు మరణించినచో కుటుంబమునకు 5 లక్షలిచ్చును. నామినీ ముందే మరణించియున్నను, పేరు ఆధారుతో సరిపడకున్నను సొమ్ము ఆలస్యమగును.

క్లెయిము నిరాకరింపబడినంతనే నిరాశ చెందవలదు. కారణమును వ్రాతమూలముగ కోరవలెను. జీవితబీమా పాలసీ మూడేండ్లు నడచినపిదప దానిని ఏ కారణముచేతను ప్రశ్నింపరాదని 1938 నాటి బీమా చట్టము 45వ సెక్షను, 2015 సవరణ ననుసరించి, చెప్పుచున్నది. ముందుగా కంపెనీకి ఫిర్యాదు వ్రాయవలెను. నెలలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరము గాకున్నను హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఒక సంవత్సరములోగా అర్జీ పెట్టుకొనవచ్చును. దీనికి రుసుము లేదు. ప్లీడరుతో పని లేదు.

పాలసీ పత్రము పెట్టెలోనున్న సంగతి ఇల్లాలికి తెలియకున్న ఆ పత్రమువలన ఫలమేమి? సభ్యులెల్లరు ఈ మాసముననే తమ పత్రములను వెలికిదీసి, నామినీ పేరును, గడువు తేదీని సరిచూచుకొని, ఇంటివారికి చూపి యుంచవలెనని కోరుచున్నాము.