మొదటి కెమెరా

వేసవి సెలవులలో ఒకనాటి ఉదయమున మా మేనల్లుడు ఒక కాగితము చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. వాడు తొమ్మిదవ తరగతిలో ప్రవేశింపబోవుచున్నాడు. పండుగలకు పెద్దలిచ్చిన డబ్బు, వ్యాసరచన పోటీలో వచ్చిన బహుమతి సొమ్ము, తాతగారు చేర్చిన మొత్తము అన్నియు రెండేండ్లుగా దాచుకొని, ఒక డిజిటల్ కెమెరా కొనవలెనని వాని సంకల్పము. కాగితము నిండ కెమెరాల పేర్లు, వాటి ప్రక్కన అంకెలు ఉన్నవి. "మామయ్యా! వీటిలో ఏది మంచిది? అన్నిటికంటె పెద్ద అంకె దీనికున్నది. దీనినే కొనవచ్చునా?" అని వాడడిగెను.

"ముందు దేనిని ఫొటో తీయదలచితివో చెప్పుము" అంటిని. వాడు తెల్లబోయెను. కెమెరాలను గూర్చి వాడు వేయి సంగతులు చదివెను గాని, ఈ ప్రశ్నను మాత్రము తన్ను తాను వేసికొనలేదు. అందుకు వానిని తప్పుపట్టజాలను. పదునైదు సంవత్సరముల క్రిందట నేనును అట్లే చేసితిని.

నా తొలి సంపాదనలో కొంత దాచి నేనొక కెమెరాను కొంటిని. దూరముననున్న వస్తువులను దగ్గరగా చూపు పొడవైన లెన్సు దానికి అమర్చబడియుండెను. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. ఆ యేడే మా చెల్లెలి పెండ్లి జరిగెను. అది రాత్రి ముహూర్తము. మా నాయనమ్మ నడవలో స్తంభమునకు ఆనుకొని కూర్చుండి, వచ్చిన వారినెల్ల చేయెత్తి దీవించుచుండెను. ఆమె ఫొటోలకు ఎన్నడును ఒప్పుకొనునది కాదు. రేషను కార్డుపైనున్న చిన్న బొమ్మ తప్ప ఆమెకు వేరొక చిత్రము లేదు. ఆనాడు మాత్రము నన్ను చూచి, "తీయరా, తీసి నీ ముచ్చట తీర్చుకొమ్ము" అని నవ్వెను. పది పన్నెండు చిత్రములు తీసితిని. మరునాడు చూడగా స్తంభము స్పష్టముగా నున్నది. ఎత్తిన చేయి, నవ్విన ముఖము మాత్రము పొగవలె చెదరియున్నవి. మరుసటి యేడు ఆమె గతించెను. కెమెరా చెడిపోలేదు. ఆ వేళకు, ఆ వెలుతురునకు తగిన లెన్సును నేను ఎన్నుకొనలేదు, అంతే.

ఈ కథ చెప్పిన పిదప మేమిరువురమును ఆ కాగితమును ప్రక్కనబెట్టి, కెమెరా యనగా నేమో మొదటినుండి విచారించితిమి.

కెమెరా యనగా వెలుగును పట్టు చీకటి పెట్టె. ముందున్న లెన్సు, అనగా కటకము, వస్తువునుండి వచ్చు వెలుగును పోగుచేసి వెనుకనున్న పలకపై ప్రతిబింబముగా నిలుపును. పూర్వము ఆ పలకస్థానమున రసాయనములు పూసిన ఫిల్ము ఉండెడిది. డిజిటల్ కెమెరాలో సెన్సారు అను విద్యుత్పలక ఉండును. దానిపై లక్షలకొలది సూక్ష్మమైన గదులున్నవి. ఒక్కొక్క గదిపై ఎంత వెలుగు పడెనో లెక్కించి, ఆ లెక్కలను కెమెరా అంకెలుగా భద్రపరచును. 1975లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అను యువ ఇంజనీరు నిర్మించిన డిజిటల్ కెమెరా బరువు సుమారు మూడున్నర కిలోలు. దాని చిత్రములో నిలువున 100, అడ్డమున 100 చుక్కలు మాత్రమే ఉండెడివి. ఒక్క చిత్రమును క్యాసెట్టు టేపుపై వ్రాయుటకు 23 సెకనులు పట్టెడిది.

ఆ చుక్కలనే పిక్సెళ్లందురు. పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెలు. మా మేనల్లుడు పెద్ద అంకె యని మురిసినది దీనినే. ఆ మురిపెము ఎంతవరకు తగునో లెక్కవేసి చూతము. మంచి ముద్రణకు అంగుళమునకు 300 చుక్కలు చాలును. 12 అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పు గల పటమునకు 3600ను 2400తో హెచ్చించినచో 86 లక్షల 40 వేల చుక్కలు వచ్చును. అనగా తొమ్మిది మెగాపిక్సెళ్లయినను లేవు. నేడు అమ్మబడు సాధారణమైన కెమెరాలలో అనేకము 24 మెగాపిక్సెళ్లవి. గోడకు తగిలించు పటమునకు అవి చాలును. అంతకంటె పెద్ద అంకెకై అధికమైన ధర చెల్లించుట మొదటి కెమెరా విషయమున అనవసరము.

అంకెకంటె సెన్సారు వైశాల్యము ముఖ్యము. వాన కురియునపుడు వాకిట ఒక గంగాళమును, ఒక చెంబును ఉంచినచో దేనిలో ఎక్కువ నీరు చేరును? వెలుగు విషయమును అట్టిదే. సెల్‌ఫోనులోని సెన్సారు వ్రేలిగోరంత. అందుచేత పగటివేళ ఫోను చక్కని చిత్రములనే తీసినను, చీకటి పడినపుడు అది చిత్రమును బాగుచేయుటకు గణనలపై ఎక్కువగా ఆధారపడవలసియుండును. ఏ.పీ.ఎస్.-సీ. అను తరగతి సెన్సారు సుమారు 23 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు కలది. ఫుల్ ఫ్రేమ్ అనునది 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు కలది. రెండవదాని వైశాల్యము మొదటిదానికి రెండింతలు మించును. ధరయు, బరువును కూడ ఎక్కువే. నేర్చుకొనువానికి ఏ.పీ.ఎస్.-సీ. తరగతి చాలును.

ఇక లెన్సు. దీనియందు రెండు అంకెలను చదువ నేర్చినచో సగము విద్య వచ్చినట్లే. మొదటిది నాభ్యంతరము; దీనిని మిల్లీమీటర్లలో చెప్పుదురు. ఈ సంఖ్య చిన్నదైనకొలది ఎక్కువ మేర చిత్రములో ఇముడును. పెద్దదైనకొలది దూరపు వస్తువు దగ్గరగా కనబడును. ఏ.పీ.ఎస్.-సీ. కెమెరాపై 18 మిల్లీమీటర్ల లెన్సు చిన్న గదిలోనున్న కుటుంబమునంతటిని ఇముడ్చును. 35 మిల్లీమీటర్లది మన కంటికి సహజముగా తోచు దృశ్యము నిచ్చును. 50 మిల్లీమీటర్లది ముఖచిత్రములకు అనువైనది. కొల్లేటి పక్షులను తీయదలచినవానికి 300 మిల్లీమీటర్ల వంటి పొడవైన లెన్సు అవసరము.

రెండవది ద్వారపు సంఖ్య. లెన్సులోపల కంటిపాపవలె విప్పారుచు ముడుచుకొనుచునుండు ద్వారమొకటి కలదు. ఎఫ్/1.8 అనగా నాభ్యంతరమును 1.8తో భాగింపగా వచ్చు వెడల్పు అని అర్థము. 50 మిల్లీమీటర్ల లెన్సులో ఎఫ్/1.8 వద్ద ద్వారము సుమారు 28 మిల్లీమీటర్లు, ఎఫ్/5.6 వద్ద సుమారు 9 మిల్లీమీటర్లు. కావున సంఖ్య చిన్నదైనకొలది ద్వారము పెద్దది. మొదటిదానినుండి వచ్చు వెలుగు రెండవదాని వెలుగునకు తొమ్మిది రెట్లకు మించును. అనగా ఎఫ్/5.6 వద్ద సెకనులో పదవ వంతు కాలము తెరచియుండవలసిన కెమెరాకు ఎఫ్/1.8 వద్ద సుమారు నూరవ వంతు చాలును. పదవ వంతులో ఎత్తిన చేయి కదలిపోవును. నూరవ వంతులో చాలవరకు నిలుచును. నాయనమ్మ చిత్రము చెడుటకు కారణమిదియే. నా పొడవైన లెన్సు ద్వారము ఇరుకు.

"ఐ.ఎస్.ఓ. సంఖ్యను పెంచినచో చీకటిలో తీయవచ్చునని చదివితిని గదా!" అని వాడు ప్రశ్నించెను. నిజమే. కాని దానివలన వచ్చిన వెలుగు పెరుగదు. అందిన కొద్దిపాటి వెలుగు సంకేతము మాత్రమే హెచ్చింపబడును. దానితోపాటు గరుకుచుక్కలును హెచ్చి కనబడును. కొన్ని లెన్సులలో చేతి వణకును సరిదిద్దు యంత్రమున్నది. అది తీయువాని చేతిని స్థిరపరచును గాని, ఎదుటివారి కదలికను ఆపజాలదు.

లెన్సు ప్రాధాన్యమునకు చరిత్రయే సాక్షి. 1839లో డాగెర్ పద్ధతి లోకమునకు వెల్లడియైనపుడు, మనుష్యుని చిత్రమునకు ఆతడు నిమిషముల తరబడి కదలక కూర్చుండవలసివచ్చెడిది. వియన్నా విశ్వవిద్యాలయమున గణితాచార్యుడైన జోసెఫ్ పెట్స్‌వాల్ 1840లో లెక్కలు కట్టి, పూర్వపు లెన్సులకంటె పది రెట్లకు మించి వెలుగును రానిచ్చు లెన్సును రూపొందించెను. రసాయన పద్ధతుల మెరుగుదలయు తోడ్పడగా, ముఖచిత్రములు తీయుట సామాన్యమైన వృత్తిగా మారెను.

కెమెరాను ఎన్నుకొనునపుడు లెన్సు తగులుకొను కట్టును, అనగా మౌంటును కూడ చూడవలెను. ఒక సంస్థ మౌంటునకు చేసిన లెన్సు సాధారణముగా వేరొక సంస్థ కెమెరాకు అమరదు. నికాన్ సంస్థ ఎఫ్ మౌంటును 1959లోను, జడ్ మౌంటును 2018లోను ప్రవేశపెట్టినది. కెమెరా పెట్టె కొన్నియేండ్లలో పాతబడును; మంచి లెన్సు దశాబ్దములు పనిచేయును. లోపల అద్దమున్న డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు వాడినవి చౌకగా దొరకును. అద్దములేని మిర్రర్‌లెస్ కెమెరాలు సాధారణముగా తేలిక. చిత్రమెట్లు రాబోవునో ముందే చూపును. కాని వాటిలో బ్యాటరీ త్వరగా తరుగును. వాడిన లెన్సును కొనునపుడు టార్చిలైటు వెలుగులో లోపలికి చూడవలెను. సాలెగూటి దారములవంటివి కనబడినచో అది బూజు. సముద్రతీరపు జిల్లాలలో గాలితేమవలన ఈ బెడద ఎక్కువ. లెన్సును సిలికాజెల్ పొట్లములతో గట్టిమూత డబ్బాలో దాచుట మేలు. ఉన్న సొమ్మంతయు కెమెరాకే వెచ్చింపక, మెమరీ కార్డునకును, సంచికిని కొంత మిగుల్చుకొనవలెను.

ఇంత విన్న పిదప మేనల్లుడు కొంతసేపు ఆలోచించెను. "మామయ్యా! నేను తీయదలచినది మా అమ్మమ్మను, మా యింటివారిని, మా వీధిని" అని చెప్పెను. ఆ వాక్యముతో ఎన్నిక సులువయ్యెను. వాడు ఒకసారి వాడిన ఏ.పీ.ఎస్.-సీ. కెమెరాను, దానితో సాధారణముగా వచ్చు 18-55 లెన్సును, మిగిలిన డబ్బుతో 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సును కొనెను. కాగితములోని పెద్ద అంకెల కెమెరా ఒక్కదాని ధరలో ఇవన్నియు వచ్చెను.

ఆ సాయంకాలమే వాడు వాళ్ల అమ్మమ్మను, అనగా మా అమ్మను, కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టెను. ఆమె బియ్యములో రాళ్లేరుచుండెను. మొదటి చిత్రములో తల తెగినది. రెండవదానిలో చేట మాత్రమే స్పష్టముగానున్నది. ఏడవ చిత్రములో ఆమె తలయెత్తి, "ఇంకను కాలేదా?" అని నవ్వుచుండగా కండ్లు, ముడుతలు, చేతిలోని బియ్యపుగింజలు చక్కగా నిలిచినవి. ఆ చిత్రమును పటము కట్టించి గోడకు తగిలించితిమి. దాని ప్రక్కన నాయనమ్మ చెదరిన చిత్రమును కూడ తగిలించితిని. వచ్చినవారు ఆ మసకబొమ్మ ఎందుకని అడిగినపుడు, మా మేనల్లుడే వారికి సమాధానము చెప్పును: "ఏది కొనవలెనని గాక, ఎవరిని తీయవలెనని ముందు అడుగుకొనుటకు."