వార్డులో మొదటి పాఠం

ఇంగ్లండులో నర్సింగు చదువుతున్న ఒక తెలుగు అమ్మాయిని ఊహించుకుందాం. తరగతి గది దాటి తొలిసారిగా ఆసుపత్రి వార్డులో శిక్షణకు వెళ్ళవలసిన రోజు రేపే. రాత్రి ఆమె చేతి గాజులు తీసి బల్లపై పెట్టగానే తల్లి మనస్సు చివుక్కుమంటుంది. “బోసి చేతులతో వెళతావటే?” అని అడగకుండా ఉండలేదు.

అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులలో మోచేతి క్రింద ఏ ఆచ్ఛాదనా, ఆభరణమూ ఉండరాదన్న నియమం 2007 నుండి గట్టిగా అమలులోకి వచ్చింది. రాళ్ళు లేని సాదా ఉంగరం ఒక్కటి చెల్లుతుంది. గడియారం సైతం మణికట్టును వదలి గుండెలపై పిన్నుకు వ్రేలాడవలసిందే. గాజుల క్రింద, గడియారం పట్టీ క్రింద చర్మానికి నీరు, సబ్బు సరిగా అందవు. అక్కడ సూక్ష్మజీవులు నిశ్చింతగా నిలిచిపోతాయి.

ఈ జాగ్రత్తకు మూలం ఒక విషాదంలో ఉంది. 1847 ఏప్రిల్ నెలలో వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో, వైద్య విద్యార్థులు పనిచేసే ప్రసూతి విభాగంలో, నూటికి 18 మందికి పైగా బాలింతలు మరణించారు. ఆ విద్యార్థులు శవపరీక్ష గది నుండి నేరుగా కాన్పులకు వచ్చేవారు. సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు వారిచేత బ్లీచింగ్ పౌడరు నీటితో చేతులు కడిగించాడు. జూన్ నాటికి మరణాలు నూటికి 2 చిల్లరకు దిగివచ్చాయి. ఆయనకు సూక్ష్మజీవుల సంగతి తెలియదు. శవాల వాసన పోగొడుతుందని మాత్రమే ఆ పదార్థాన్ని ఎంచుకున్నాడు! ఊహ అసంపూర్ణమే గాని, రసాయనం మాత్రం సరియైనదే.

నేటి వార్డులో మంచం మంచానికీ ఆల్కహాలు ద్రవం ఉంటుంది. అందులో ఆల్కహాలు సుమారు 60 నుండి 80 శాతం. నూటికి నూరుపాళ్ళు ఉంటే ఇంకా మేలు కదా అనిపించవచ్చు, కాని కాదు. ఉడికిన గ్రుడ్డులోని తెల్లసొన గట్టిపడినట్లే, ఆల్కహాలు సూక్ష్మజీవి ప్రోటీనుల అల్లికను చెడగొడుతుంది. ఆ పని చురుకుగా సాగడానికి కొంత నీరు తప్పనిసరి. పైగా శుద్ధ ఆల్కహాలు త్వరగా ఆవిరైపోతుంది.

మన అమ్మాయి మొదటి తప్పు చేసేది ఇక్కడే. విడిగదిలో ఉన్న వృద్ధురాలికి రక్తపుపోటు చూసి, గ్లవ్స్ తీసి, అలవాటు చొప్పున ఆల్కహాలు సీసా వైపు చేయి చాస్తుంది. వెంట ఉన్న సీనియర్ నర్సు ఆపి కుళాయి చూపిస్తుంది. ఆ రోగిది యాంటీబయాటిక్స్ వాడిన పిదప తరచు తలెత్తే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసీల్ విరేచనాల వ్యాధి. బలహీనులైన వృద్ధులకు అది ప్రాణాంతకం కాగలదు. ఈ సూక్ష్మజీవి ప్రతికూల పరిస్థితులలో చింతగింజ వంటి గట్టి పెంకు గల బీజరూపం ధరిస్తుంది. ఆ పెంకును ఆల్కహాలు ఛేదించలేదు. ద్రవం రుద్దుకున్న చేతులు శుభ్రంగా కనిపిస్తాయి, బీజాలు మాత్రం ప్రక్క మంచానికి చేరుతాయి.

సబ్బు కూడా ఆ బీజాన్ని చంపదు. సబ్బు అణువుకు ఒక కొస నీటిని, రెండవ కొస జిడ్డును ఆశ్రయిస్తుంది. మన కుంకుడుకాయ నురుగులోని సపోనిన్లు చేసేదీ ఇదే. జిడ్డుతో పాటు బీజాలు పట్టు వదలగా, రుద్దుడు, ధారగా పడే నీరు వాటిని కొట్టుకుపోయేటట్లు చేస్తాయి. అందువల్ల వ్రేళ్ళ సందులు, బొటనవ్రేలి మొదలు, గోళ్ళ చివరలు రుద్దడంలో ఏమరుపాటు పనికిరాదు. ఆ గదిలో మంచాన్ని, తలుపు పిడిని తుడిచేది మాత్రం క్లోరిన్ ద్రావణంతోనే, అనగా సెమ్మెల్‌వైస్ వాడిన పదార్థానికి దగ్గరి బంధువుతో.

సబ్బుకు చేతి మురికి జిడ్డు, చర్మానికి రక్షణనిచ్చే సహజమైన జిడ్డు అన్న విచక్షణ లేదు. వారం తిరిగేసరికి అమ్మాయి చేతులు పగులుతాయి. పగుళ్ళలో సూక్ష్మజీవులు మరింత సులువుగా నిలుస్తాయి. ఆల్కహాలు ద్రవంలో గ్లిసరాల్ కలిపేది ఈ పొడితనాన్ని తగ్గించడానికే. డ్యూటీ నుండి వచ్చాక తల్లి రాసే కొబ్బరినూనె కూడా మంచిదే, అయితే వార్డుకు బయలుదేరే ముందు మాత్రం కాదు.