మగతనానికి పెట్టే పరీక్ష

శ్రీరామనవమికి వేములవాడ రాజన్న గుడిలో హిజ్రాలు, శివుడికి అంకితమైన శివపార్వతులు తలంబ్రాలు పోసుకుంటారు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పక్కనున్న సారంగాపూర్ జనానికి ఇది తెలిసిన వేడుకే. కంటికి కనిపించే తేడాకు, ఎన్ని ఎగతాళులున్నా, ఒక చోటు దొరికింది. ఆడవాళ్లమీదా మగవాళ్లమీదా మనసు పోయే సంసారికి మాత్రం అదీ లేదు. ఇతనిది ద్విలైంగికత. తాను మగవాడినన్న సంగతిలో అతనికి సందేహం లేదు, సందేహమంతా చుట్టుపక్కలవాళ్లదే.

అసలు మగవాళ్లలో ఇలాంటి ఆకర్షణ ఉంటుందా అని శాస్త్రవేత్తలూ సందేహించారు. 1948లో అమెరికా పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ కిన్సే ఆకర్షణను సున్నా నుంచి ఆరు దాకా మెట్లుగా చూపి, నడిమి మెట్లమీదా మనుషులున్నారన్నాడు. అయినా 2005లో మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ బెయిలీ బృందం, వీడియోలు చూపించి శరీర స్పందనను కొలిచి, ద్విలైంగికులమని చెప్పుకున్న మగవాళ్లలో ఇద్దరికీ స్పందించే తీరు కనిపించలేదని ప్రకటించింది. 2011లో ఆడవాళ్లతోనూ మగవాళ్లతోనూ అనుబంధాలున్నవాళ్లనే ఎంచుకుని కొలిస్తే ఫలితం మారింది. 2020లో ఎనిమిది అధ్యయనాల్లోని 500 మందికి పైగా మగవాళ్ల లెక్కలు కలిపి చూసి, ఈ ఆకర్షణ నిజమేనని తేల్చారు. ఆ పత్రం రాసినవాళ్లలో బెయిలీ కూడా ఉన్నాడు.

మరి జనం ఎందుకు నమ్మరు? 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జోసెఫ్ వాండెల్లో, జెన్నిఫర్ బాసన్ జరిపిన పరిశోధనలో దీనికి ఆధారం దొరుకుతుంది. ఆడతనం వయసుతో దానంతటదే వస్తుందని, మగతనం మాత్రం సంపాదించుకోవాలని, ఎప్పుడైనా పోవచ్చని జనం అనుకుంటారట. మన దగ్గర మగవాడంటే గల్ఫ్ పోయి అప్పు తీర్చాలి, పిల్లల్ని కనాలి, కన్నీళ్లు పెట్టుకోకూడదు. "మొగోడివై ఏడుస్తున్నవేందిరా" అన్న మాట వినకుండా పెరిగిన పిల్లగాడు అరుదు. ఇన్ని పరీక్షల్లో నెగ్గినవాడు ఒక్క మగవాణ్ణి ఇష్టపడ్డాడని తెలిస్తే చాలు, పాసైనవన్నీ రద్దు. అందుకే నోరు విప్పడు. విప్పనివాళ్లు లెక్కకు రారు కనుక అలాంటివాళ్లే లేరన్న నమ్మకం గట్టిపడుతుంది.

ఈ దాపరికానికి ఖరీదుంది. ద్విలైంగికుల్లో దిగులు, ఆందోళన మిగతావాళ్లకన్నా ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అటు స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లూ ఇటు మిగతా సమాజమూ తమలో కలుపుకోకపోవడం అందుకొక కారణం. ఇంకో అపోహా ఉంది. ఆడా మగా ఇద్దరిమీదా ఆకర్షణ ఉన్నంతమాత్రాన ఒకేసారి ఇద్దరితో సంసారం చేస్తాడని కాదు. మాట నిలబెట్టుకోవడం గుణానికి సంబంధించింది.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వయోజనుల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. 2022లో జాతీయ వైద్య కమిషన్, లైంగికతను మారుస్తామనే చికిత్సను వైద్యవృత్తికి తగని నడతగా ప్రకటించింది. అయినా "పెండ్లి చేస్తే అదే కుదురుకుంటది" అనే పెద్దలున్నారు. కుదురుకోదు. పైగా ఏమీ తెలియని ఒక ఆడపిల్ల బతుకు అందులో చిక్కుకుంటుంది. కొడుకు ఏదైనా చెప్పబోతే ముందు వినండి. దిగులు ముదిరితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులు అడగరు.