నాణ్యమునకు మొదటి మెట్టు పడుగు చీటీ

మా క్యాతగానచెర్లు ఉన్న పావగడ తాలూకా కర్ణాటకలోనిదైనను, దానిని ఇంచుమించు నలుదిక్కుల ఆంధ్రప్రదేశమే చుట్టియున్నది. మనము నేసిన చీర ఏ రాష్ట్రపు అంగడికి పోయినను, కొనువారి ప్రశ్న ఒక్కటే: ఈ నెల పంపిన నాణ్యమే వచ్చే నెలయు పంపగలరా?

ఫ్యాక్టరీలవారు ఇందుకు జవాబుగా ఐ.ఎస్.ఓ. 9001 ప్రమాణమును చూపుదురు. అది 1987లో మొదట వెలువడి, పలుమార్లు సవరింపబడినది. అది సరుకుపై వేయు ముద్ర కాదు. పని నడుపు పద్ధతికి సంబంధించినది. మన గుడ్డ ముద్రలు వేరు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు అది చేనేత గుడ్డయని చెప్పును. 2015 ఆగస్టు 7న ప్రారంభమైన ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండు నూలు, నేత, రంగుల నాణ్యమును కూడ చూచును. ముద్ర నిలువవలెనన్న దాని వెనుక పద్ధతి ఉండవలెను.

ఆ పద్ధతి సారము మూడు మాటలు: చేయవలసిన పనిని వ్రాసికొనుట, వ్రాసినట్లు చేయుట, లోపము వచ్చినపుడు కారణము వెదకి అది మరల రాకుండ దిద్దుకొనుట. తనిఖీకి ముందు రాత్రి రిజిస్టర్లు నింపు ఫ్యాక్టరీలో ధ్రువపత్రము గోడకెక్కును గాని సరుకు మారదు. యజమాని మొదలు కూలివాని వరకు దినదినము పాటించినచోటనే ఫలితము కనబడును.

ఫ్యాక్టరీ పని ఒక కప్పు క్రింద జరుగును. మనకు అద్దకము ఒక యింట, పడుగు తీయుట ఒక యింట, నేత మరియొక యింట. కావున ప్రతి పడుగు వెంట ఒక చీటీ నడువవలెనని మా మనవి. నూలు నెంబరు, లాటు, రంగు వేసిన తేది, పడుగు పోగుల లెక్క, అచ్చు, అంగుళమునకు పేకలు, నేసినవారి పేరు అందు ఉండవలెను. నూలు దించుకొన్ననాడే సంఘము చిలపలు తూచి చూడవలెను. 40వ నెంబరు నూలన్నచో పౌనుకు 840 గజముల చిలపలు 40 రావలెను గదా!

ఇందువలన మేలు మొదట నేత సోదరునికే. రంగు వదలినదని చీర తిరిగివచ్చినపుడు చాలచోట్ల కోత పడునది అతని కూలికే. వ్యాట్ రంగు వేసిన నూలును మరుగు సబ్బునీట సరిగా ఉడికింపకున్న, అంటియున్న రంగు తరువాత రాలును. అది మగ్గమువద్ద జరిగిన తప్పు కాదు. చీటీ ఉన్నచో ఏ తేది అద్దకమో తెలియును. ఆ లాటులోని మిగిలిన నూలును మగ్గమెక్కకముందే ఆపవచ్చును.

అయితే ఒక షరతు. చీటీ కారణము వెదకుటకే గాని కూలి కోయుటకు కారాదు. కోతకు వాడినచో ఎవరును నిజము వ్రాయరు. వ్రాయని నాడు పద్ధతియే లేదు. ఈ మాటను సంఘములు ముందుగా తీర్మానము చేసి, తరువాతనే చీటీలు పంచవలెను. ఖర్చు కాగితము, పెన్సిలు మాత్రమే. రాబోవు పడుగుతోనే ప్రారంభింపుడని సోదర సంఘములను కోరుచున్నాము.