సెకండ్ హ్యాండ్ కర్ర లోడర్ లారీ కొంటున్నారా? ఇంజిన్ కంటే ముందు ఇవి చూడండి!

భద్రాచలం: రేటు తక్కువ. టైర్లు బాగున్నాయి. లోడర్ కూడా బిగించే ఉంది. ఇంకేం, అడ్వాన్స్ ఇచ్చేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో పాత కర్ర లారీ కొనేవాళ్లు ఇంజిన్ సౌండ్ కంటే ముందు దాని హిస్టరీ తెలుసుకోవాలి.

ఇక్కడ కర్ర పని అంటే ఎక్కువగా అడవి కలప కాదు, రైతులు పొలాల్లో వేసిన జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలే. ఈ కర్రకు పెద్ద మార్కెట్ సారపాకలోని పేపర్ మిల్లు. భద్రాచలం పేపర్ బోర్డ్స్‌గా మొదలైన ఈ మిల్లు 2002లో ఐటీసీలో కలిసింది. తోటలో ముఠా కూలీలతో లోడు ఎత్తించడం ఆలస్యమవుతోందని చిన్న కాంట్రాక్టర్లు లోడర్ ఉన్న బండి వైపు చూస్తుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

టేకు కేసు ఉందేమో!

జామాయిల్ మోసిన బండే రాత్రిళ్లు టేకు కూడా మోసి ఉండొచ్చు. తెలంగాణ అటవీ చట్టం 1967లోని సెక్షన్ 44 ప్రకారం అక్రమ కలపతో పట్టుబడితే దుంగలతో పాటు వాహనాన్ని కూడా జప్తు చేయొచ్చు. తనకు తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నిరూపించుకోవాల్సింది ఓనరే. కేసు నడుస్తుండగా బండి చేతులు మారితే కొన్నవాళ్లు ఇరుక్కుపోతారు. ఈ కేసు సంగతి ఆర్సీ కార్డు మీద కనిపించదు. అందుకే బండి నంబర్ రాసుకుని అటవీ శాఖ డివిజన్ ఆఫీసుకు వెళ్లి అడగండి. ఒక పూట పోతుంది, అంతే.

ఫైనాన్స్ సంగతీ ఇంతే. 'అప్పు తీరిపోయింది' అన్న మాట చాలదు. ఫైనాన్స్ కంపెనీ సంతకంతో ఫారం 35 ఉండాలి. ఏపీ లేదా ఛత్తీస్‌గఢ్ నంబర్ బండి అయితే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ కూడా తప్పదు.

లోడర్ ఆర్సీలో ఉందా?

చాలామంది పట్టించుకోని పాయింట్ ఇది. మామూలు లారీగా రిజిస్టర్ అయిన బండికి తర్వాత లోడర్ బిగిస్తే ఆ మార్పు ఆర్సీలో ఎక్కాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గర ఆపేయొచ్చు, యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ కొర్రీ పెట్టొచ్చు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాల్సిందే.

ఇంకో లెక్క కూడా ఉంది. లోడర్ బరువు లారీ మోసే బరువులోంచే పోతుంది. ఉదాహరణకు 25 టన్నుల గ్రాస్ వెయిట్ ఉన్న పది టైర్ల లారీ ఖాళీ బరువు 9 టన్నులు అనుకుందాం. అప్పుడు 16 టన్నుల కర్ర ఎక్కుతుంది. అదే బండికి రెండు టన్నుల లోడర్ బిగిస్తే 14 టన్నులే. ప్రతి ట్రిప్పుకీ రెండు టన్నుల కిరాయి పోయినట్టే! ఒకటీ రెండు లారీలు తిప్పేవాళ్లకు ట్రాక్టర్‌కు బిగించిన గ్రాబ్ లోడరే మేలు. లారీ మిల్లు దగ్గర క్యూలో ఉన్నా ట్రాక్టర్ తోటలో ఇంకో బండికి లోడు ఎత్తుతూనే ఉంటుంది.

దుంగ ఎత్తించి చూడండి

పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. బరువైన దుంగను పైకి ఎత్తించి ఐదు నిమిషాలు అలాగే ఆపమనండి. చెయ్యి దానంతటదే కిందికి దిగుతుంటే సిలిండర్ సీల్స్ పోయినట్టో, వాల్వు లీకవుతున్నట్టో లెక్క. అరగంట పని చేయించాక పంపు మూలిగితే ఖర్చు పెద్దదే. క్యాబిన్ వెనక లోడర్ బిగించిన చోట ఛాసిస్ మీద చీలికలు, కొత్త వెల్డింగ్, దాని మీద కొత్త పెయింట్ కనిపిస్తే బేరం ఆపేయడమే మంచిది. కమాను కట్టలు కూడా ఒక పక్కకు ఒరిగి ఉండకూడదు.

పర్మిట్ మర్చిపోవద్దు

2014లో కొన్ని మండలాలు ఏపీలో కలిశాక ఇక్కడ బోర్డర్ అడుగడుగునా తగులుతోంది. చర్ల, దుమ్ముగూడెం నుంచి భద్రాచలం వచ్చే దారి కూడా ఎటపాక దగ్గర ఏపీలోంచే పోతుంది. తోటలు కుక్కునూరు, వేలేరుపాడు వైపు ఉంటే తెలంగాణ పర్మిట్ ఒక్కటే సరిపోదు, నేషనల్ పర్మిట్ కావాలి. మరీ పాత బండికి అది దొరకదు. బండి వయసు ముందే ఆర్టీఏలో చెప్పి కనుక్కోండి.

వానాకాలం లెక్క కూడా వేసుకోవాలి. నల్లరేగడి తడిస్తే లారీ తోటలోకి దిగదు. ట్రిప్పులు ఆగినా ఈఎంఐ ఆగదు కాబట్టి ఏడాదికి ఎనిమిది నెలల పనే అనుకుని కిస్తీ లెక్క చూసుకోండి.

బేరం కుదిరితే ఇన్సూరెన్స్ పేరు మార్పు కోసం 14 రోజుల్లోపు అప్లై చేయాలి. డెలివరీ కాగితం మీద తేదీతో పాటు టైం కూడా రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించుకోండి. ఆ టైం కంటే ముందు పడిన చలాన్లు, కేసులు పాత ఓనర్‌వేనని అదే కాగితంలో ఉండాలి.