సిప్పీఘాట్‌లో దాచిన డబ్బా ఎక్కడుంటుంది?

ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా. లోపల ఒక రబ్బరు స్టాంపు, ఒక నోటు పుస్తకం. దాన్ని ఏ రాతి సందులోనో చెట్టు తొర్రలోనో దాచి, ఆచూకీ ఇంటర్నెట్‌లో పెడతారు. వెతికి పట్టుకున్నవాళ్లు డబ్బాలోని స్టాంపును తమ పుస్తకంలో, తమ స్టాంపును డబ్బాలోని పుస్తకంలో వేసి, దాన్ని మళ్లీ అక్కడే దాచి వెళ్లిపోతారు. లెటర్‌బాక్సింగ్ అనే ఈ సరదాకు ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ పుట్టిల్లు. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు అక్కడి క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఒక సీసా ఉంచాడు. అంతదూరం నడిచినవాళ్లు తమ విజిటింగ్ కార్డు అందులో వేసి వచ్చేవారు.

అక్కడి ఆచూకీలు ఎక్కువగా దిక్సూచితో నడుస్తాయి. కనబడే రెండు మూడు కొండల వైపు కోణాలు చెబుతారు. మ్యాపు మీద ఆ గీతలు కలిసేచోట వెతకాలి. 2000 మే నెలలో అమెరికా జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న దోషాన్ని తీసేయడంతో ఇంకో దారి తెరుచుకుంది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. జియోకేషింగ్ అలా మొదలైంది.

అంకెలు ఇస్తే సరిపోతుందా? ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. దశాంశం తర్వాత నాలుగో అంకె 11 మీటర్లను, ఐదోది 1.1 మీటరును సూచిస్తుంది. ఆరుబయట ఫోను పొరపాటే సుమారు 5 మీటర్లు కాబట్టి ఆరో అంకె రాయడం వట్టి అలంకారం. పాత సర్వే మ్యాపు నుంచి ఎత్తి రాసిన అంకెలైతే మరో చిక్కు. అవి ఎవరెస్ట్ గోళం లెక్కలో ఉంటాయి, జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్-84 లెక్క. మార్చకుండా వాడితే డబ్బా పక్కవాళ్ల పొలంలోకి పోతుంది.

ఈ లెక్కలన్నీ నేల కదలదనే నమ్మకం మీద ఆధారపడినవి. దక్షిణ అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) సుమారు 14 కిలోమీటర్ల దూరంలోని సిప్పీఘాట్ ఆ నమ్మకాన్ని వమ్ము చేసింది. 2004 డిసెంబరు 26 ఉదయం 6.28 గంటలకు వచ్చిన 9.1 తీవ్రత భూకంపంలో పోర్ట్‌బ్లెయిర్ ప్రాంతం నైరుతి వైపు సుమారు 3 మీటర్లు జరిగింది, సుమారు ఒక మీటరు కిందికి కుంగింది.

2003లో అక్కడొక కొబ్బరిచెట్టు మొదట్లో డబ్బా దాచారనుకుందాం. "చెట్టు నుంచి ఉత్తరంగా పది అడుగులు" అని రాసి ఉంటే ఆ ఆచూకీ చెడదు, చెట్టూ డబ్బా కలిసే జరిగాయి కదా. జీపీఎస్ అంకెలు మాత్రం 3 మీటర్లు తప్పుతాయి. అదీ ఫోను పొరపాటులో కలిసిపోయేదే. అసలు దెబ్బ మూడో అంకె వల్ల, అంటే ఎవరూ రాయని ఎత్తు వల్ల. అక్కడ పెద్ద పోటుకూ పాటుకూ తేడా సుమారు 2 మీటర్లు. అందులో సగం మేరకు నేల దిగిపోతే, అంతకుముందు పొడిగా ఉన్న వరిపొలాల్లోకి సముద్రపు నీరు వచ్చి నిలిచింది. సిప్పీఘాట్ పొలాలకు జరిగిందదే. రైతులు పొలాలు పోగొట్టుకున్నారు. ఆ ఉప్పునీటి మడుగుల్లో ఇప్పుడు పక్షి ప్రేమికులు అండమాన్ టీల్ బాతుల కోసం చూస్తుంటారు. ఉత్తర అండమాన్‌లో దీనికి తిరగబడ్డ కథ: దిగ్లీపూర్ వైపు నేల పైకి లేచి పగడాలు గాలికి బయటపడ్డాయి.

ఆ ఒక్క మీటరును ఫోను చూపలేదు. జీపీఎస్‌లో ఎత్తు పొరపాటు అడ్డకొలతకన్నా ఎక్కువ. ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, కిందివైపు నుంచి సరిచూసేది ఏదీ ఉండదు. ఒకే గుర్తు మీద సర్వే పరికరాన్ని గంటలు, రోజుల తరబడి నిలిపి, పాత కొలతతో పోల్చితేనే ఆ కుంగుబాటు లెక్క తేలింది.

కాబట్టి ఇక్కడ డబ్బా దాచేవారు అంకెలతో పాటు కొలిచిన తేదీ, పోటు నీరు ఎంతవరకు వస్తుందో కూడా రాయాలి. ఇద్దరు దాచిన డబ్బాల మధ్య 161 మీటర్లు ఉండాలనేది జియోకేషింగ్ నియమం. ఆదివాసీ రిజర్వుల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం చట్టవిరుద్ధం. మడ అడవుల ఏరుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి కనుక డబ్బాను రోడ్డు పక్క మెట్టనేలలో పెట్టడమే మేలు.